పాట ఆపే చెయ్యి

చిరంజీవి చిన్నికి,

మీ పెదనాన్న మోకాళ్ళ నొప్పులు, వాటికి వేసుకోవాల్సిన మాత్రలు మర్చిపోవడం, రెండూ యథాప్రకారం సాగుతున్నాయి.

నువ్వు డెస్కులో చేరాక పేజీ పైభాగాన పెట్టిన మొదటి హెడ్డింగట, మీ అమ్మ ఫొటో తీసి పంపింది. “తహసీల్దారు ఆఫీసులో కుర్చీలాట.” ఐదు కాలమ్‌ల్లో బారుగా ఉంది. చూసి మురిసిపోయాను, పక్కింటావిడకి కూడా చూపించాను. తర్వాత కళ్ళజోడు పెట్టుకుని వార్త చదివాను. చదివాక నీకు నాలుగు మాటలు చెప్పాలనిపించింది. ఫోన్లో చెబితే ఊఁ కొడుతూనే ఇంకో పని చేసుకుంటావు. అందుకని ఉత్తరం.

ముందు మెచ్చుకోలు. వార్త శుభ్రంగా ఉంది. ఏడాది తిరిగేలోపు ఆ మండలానికి నలుగురు తహసీల్దార్లు మారడం, మధ్యలో కొన్నాళ్ళు ఇన్‌ఛార్జి పాలన, కులం సర్టిఫికెట్ కోసం తిరిగి తిరిగి విసిగిన పిల్లలు, మ్యుటేషన్ కోసం వచ్చి వాకిట్లో చెట్టు కింద కూర్చున్న రైతులు, అన్నీ ఉన్నాయి. నా పేచీ అంతా హెడ్డింగుతోనే. కుర్చీలాట ఎలా ఉంటుందో ఏళ్ళ తరబడి ఆడించిన దాన్ని, నాకు తెలుసు. నీ వార్తలో జరిగింది ఆ ఆట కాదు.

మా హైస్కూల్లో ఆగస్టు 15 అయినా, వార్షికోత్సవమైనా, మార్చి 8న టీచరమ్మల పోటీలైనా టేప్‌రికార్డరు తెచ్చి నా ముందు పెట్టేవాళ్ళు. తెలుగు టీచరుకి పాటలు బాగా తెలుస్తాయని వాళ్ళ నమ్మకం. నిజానికి పాట ఆపే మనిషికి పాటలు తెలియకపోతేనే మంచిది. పాట తెలిసిన చెయ్యి తనకు తెలియకుండానే చరణం చివర ఆగుతుంది. పిల్లలు ఆ సంగతి రెండు రౌండ్లలో కనిపెట్టేస్తారు. చరణం ముగింపుకి వస్తోందంటే చాలు నడక నెమ్మదిస్తుంది, మోకాళ్ళు వంగుతాయి, ఒళ్ళంతా కుర్చీ వైపు ఒరిగిపోతుంది. అందుకే మాట మధ్యలో, వీలైతే దీర్ఘం మధ్యలో తుంచెయ్యాలి. ఇంకోటి, స్టాప్ మీట నొక్కితే ‘టక్’మని చప్పుడయ్యేది. టేప్‌రికార్డరు పక్కనుంచి పోయే చురుకైన పిల్లలు పాట ఆగిందని తెలియకముందే ఆ చప్పుడు పట్టేసేవాళ్ళు. అందుకని పాజ్ మీట వాడేదాన్ని. ఇప్పుడు ఫోన్లో పాట పెట్టి బ్లూటూత్ స్పీకరుకి కలుపుతున్నారు. నొక్కాక అర క్షణం ఆగి గానీ పాట ఆగదు. ఆ అర క్షణం ఎవరికి లాభమో మీ కాలం వాళ్ళే తేల్చుకోండి.

షామియానా సప్లయి వాళ్ళ ఇనప మడత కుర్చీలైతే వేళ్ళు నలుగుతాయని ప్లాస్టిక్ కుర్చీలే తెప్పించేవాళ్ళం. వీపులు లోపలికి ఉండేలా గుండ్రంగా వేయించి, చుట్టూ ముగ్గుపిండితో గీత గీయించేవాళ్ళం. పన్నెండు మంది పిల్లలుంటే పదకొండు కుర్చీలు. గీత లోపల నడిస్తే ఔటు. కుర్చీ పట్టుకుని నడిచినా ఔటే. ఇద్దరు ఒకే కుర్చీ మీద చెరి సగం కూలబడితే పీఈటీ సారు వంగి చూసి, ఎవరి కింద ఎక్కువ కుర్చీ ఉందో తీర్పు చెప్పేవారు. ఓడిన పిల్ల ఊరికే పోకూడదు, పోతూ పోతూ ఒక కుర్చీ మోసుకుపోవాలి. మా బడిలో ఆ పద్ధతి ఎవరు మొదలుపెట్టారో గానీ చూసినప్పుడల్లా నాకు చిత్రంగా ఉండేది. ఇప్పుడే ఓడిపోయిన పిల్ల, కళ్ళల్లో నీళ్ళతో, తర్వాతి రౌండులో ఇంకొకరు ఓడడానికి కావలసిన ఏర్పాటు తన చేతులతోనే చేసి వెళ్తుంది.

అన్నిటికంటే గట్టి నియమం ఒకటుంది. పాట ఆపేవాళ్ళు ఆడేవాళ్ళకి వీపు పెట్టి కూర్చోవాలి. నా కుర్చీ గోడ వైపు తిప్పి వేసేవాళ్ళు. ఆడేవాళ్ళని చూస్తూ పాట ఆపితే ఇంక ఆట ఎక్కడిది, అది ఎంపిక అయిపోతుంది. వేరే ఊళ్ళో ఒక బడి వార్షికోత్సవానికి పిలిస్తే వెళ్ళాను. పాట పెట్టే ఆయన పిల్లల వైపు తిరిగి నిలబడ్డాడు. ముఖ్య అతిథి గారి మనవరాలు కూడా ఆడుతోంది. ఆ పిల్ల కుర్చీ ముందుకి వచ్చినప్పుడల్లా పాట ఆగుతోంది. పెద్దవాళ్ళం మేం ఇంకా అనుమానపడుతూనే ఉన్నాం, పిల్లలకి మూడో రౌండుకల్లా తెలిసిపోయింది. వాళ్ళు గొడవ చెయ్యలేదు. పాట వినడం మానేసి ఆ పిల్లని చూస్తూ నడవడం మొదలుపెట్టారు. ఆ పిల్ల కుర్చీకి ఎదురుగా వస్తోందంటే తామూ ఏదో ఒక కుర్చీకి దగ్గరగా ఉండేలా అడుగులు సర్దుకున్నారు. నేను చూసిన రాజకీయమంతా ఆ పది నిమిషాల్లో ఉంది. నీ ఉద్యోగంలో పనికొస్తుందని చెప్తున్నాను.

ఇప్పుడు లెక్క చూడు. ఈ ఆటలో తిరిగేవాళ్ళున్నారు, కుర్చీలున్నాయి. కుర్చీ తీసేసే చెయ్యి ఒకటుంది, పాట ఆపే చెయ్యి ఇంకొకటుంది. పత్రికలవాళ్ళు కుర్చీలాట అన్నప్పుడల్లా తిరిగేవాళ్ళనే చూస్తారు. చూడ్డానికి సరదాగా ఉండేది వాళ్ళే కదా, తోసుకుంటూ, పడుతూ లేస్తూ. ఆ చేతులు రెండూ ఫొటోలో పడవు.

నీ వార్తలో కుర్చీ ఒక్కటే. అది తగ్గలేదు, ఎక్కడికీ పోలేదు. ఎవరూ దాని చుట్టూ పరిగెత్తలేదు. కూర్చున్న మనిషిని లేపారు, ఇంకొకరిని కూర్చోబెట్టారు, వాళ్ళనీ లేపారు. జిల్లా లోపల తహసీల్దార్ల బదిలీ కలెక్టరు ఉత్తర్వుతో జరుగుతుంది. జిల్లా దాటాలంటే ఇంకా పైనుంచి రావాలి. ఎన్నికల ముందు సొంత జిల్లా వాళ్ళని, మూడేళ్ళుగా అక్కడే ఉన్నవాళ్ళని కదపాలని ఎన్నికల కమిషన్ చెబుతుంది, అది వేరే సంగతి. నీ నలుగురిలో ఎవరు ఏ కారణాన కదిలారో, ఆ ఉత్తర్వుల వెనక ఎవరి సిఫారసు ఉందో వార్తలో ఒక్క ముక్క లేదు. మీ కంట్రిబ్యూటరుకి తెలియకుండా ఉంటుందా? హెడ్డింగు చదివిన రైతు మాత్రం నలుగురు తహసీల్దార్లు సీటు కోసం కొట్టుకుంటున్నారనుకుని నవ్వుకుంటాడు. వాళ్ళలో ఒకాయన పిల్లల్ని ఇప్పుడిప్పుడే కొత్త బడిలో వేసి, మళ్ళీ సామాను కట్టుకుంటూ ఉండి ఉండొచ్చు.

ఈ అలవాటు నీతో మొదలైంది కాదులే. నీకు తెలియని కాలం సంగతి ఒకటి చెప్తాను. 1978 మార్చిలో మర్రి చెన్నారెడ్డి ముఖ్యమంత్రి అయ్యారు. 1980 అక్టోబరులో ఆయన పోయి టంగుటూరి అంజయ్య వచ్చారు. 1982 ఫిబ్రవరిలో అంజయ్య పోయి భవనం వెంకట్రామిరెడ్డి. అదే ఏడాది సెప్టెంబరులో ఆయనా పోయి కోట్ల విజయభాస్కరరెడ్డి. ఐదేళ్ళు నిండకముందే నలుగురు. ముఖ్యమంత్రుల కుర్చీలాట అని ఆ రోజుల గురించి ఇప్పటికీ అంటుంటారు. అది కుర్చీలాట ఎలా అవుతుంది చెప్పు? ఆటలో ముందు కూర్చున్నవాడిదే కుర్చీ, ఎవరి దయా అక్కర్లేదు. ఇక్కడ హైదరాబాదులో ఎమ్మెల్యేలు చేతులెత్తడమే మిగిలేది. పేరు ఢిల్లీ నుంచి వచ్చేది. పాట అక్కడ మోగింది, అక్కడే ఆగింది, ఎవరు కూర్చోవాలో కూడా అక్కడే తేలింది. పైగా పాట పెట్టినవాళ్ళు వీపు తిప్పుకుని కూర్చోలేదు.

అంజయ్య గారిదైతే మరీ తమాషా. కార్మిక నాయకుడిగా పైకొచ్చిన మనిషి, ఎవరినీ కాదనలేక మంత్రివర్గాన్ని 60 మంది దాటించారు. కుర్చీలు తీసే ఆటలో కుర్చీలు వేసుకుంటూ పోయిన మనిషాయన. 1982 ఫిబ్రవరిలో, అప్పటికి ఎంపీగా ఉన్న రాజీవ్ గాంధీ వస్తున్నారని బేగంపేట విమానాశ్రయానికి జనాన్ని పోగేసి ఘనంగా స్వాగతం పలకబోతే, రాజీవ్ అందరి ముందూ ఆయన్ని మందలించారు. కొద్ది రోజులకే అంజయ్య దిగిపోవాల్సి వచ్చింది. స్టాఫ్ రూములో మా మాస్టార్లు చాలామంది అంజయ్యని చూసి నవ్వినవాళ్ళే. వాళ్ళకి కనిపించింది ఆయన పాట్లే.

ఆ నవ్వుని ఇంకో వైపు తిప్పిన మనిషి ఎన్టీ రామారావు. 1982 మార్చి 29న పార్టీ పెట్టి, ఊరూరా తిరిగి, కుర్చీ ఎక్కి దిగినవాళ్ళని ఆటపట్టించడంతో సరిపెట్టుకోలేదు. పాట ఎవరు ఆపుతున్నారో చెప్పారు. ఢిల్లీలో కూర్చుని మన ముఖ్యమంత్రిని మార్చడం తెలుగువాళ్ళ ఆత్మగౌరవానికి దెబ్బ అన్నారు. 1983 జనవరి 9న ప్రమాణ స్వీకారం చేశారు. గెలుపుకి వేరే కారణాలూ ఉన్నాయి, నేను కాదనను. జనం చూపుని తిరిగేవాళ్ళ మీంచి తిప్పేవాళ్ళ మీదకి మళ్ళించడం మాత్రం పెద్ద కారణమే. మరుసటి ఏడాది ఆగస్టులో గవర్నరు రామ్‌లాల్ ఎన్టీఆర్‌ని దించి నాదెండ్ల భాస్కరరావుని కూర్చోబెట్టినప్పుడు జనానికి ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేకపోయింది. నాదెండ్లని ఎంత తిట్టారో రాజ్‌భవన్‌నీ అంత తిట్టారు. నెల తిరిగేసరికి రామ్‌లాలూ లేరు, నాదెండ్లా లేరు.

అలాగని కుర్చీలాట అనే మాటే వాడొద్దని కాదు. అది సరిగ్గా అతికే చోట్లు మన రాజకీయాల్లోనే ఉన్నాయి. 2003లో 91వ రాజ్యాంగ సవరణ వచ్చాక మంత్రుల సంఖ్య అసెంబ్లీ సభ్యుల్లో 15 శాతం దాటకూడదు. ముఖ్యమంత్రితో కలిపి తెలంగాణలో 18, ఆంధ్రప్రదేశ్‌లో 26. ఇంక ఎవరూ అంజయ్య గారిలా కుర్చీలు వేసుకుంటూ పోలేరు. విస్తరణ ఉందని వార్త పుట్టగానే కుర్చీలు రెండు, తిరిగేవాళ్ళు ఇరవై మంది. ఢిల్లీకి విమానాలు, ఇంటి ముందు పూలదండలు, కులసంఘాల ప్రకటనలు. అప్పుడు పెట్టు కుర్చీలాట అని. అక్కడ కూడా పాట ఎవరి చేతిలో ఉందో రెండో పేరాలోనైనా రావాలి.

ఈ పోలికని పెద్దపెద్దవాళ్ళు వాడారు. మీ పెదనాన్న ఎకనామిక్స్ ఎమ్మే కదా, ఇది రాస్తుంటే పక్కనుంచి కీన్స్ పేరు ఎత్తారు. 1936లో వచ్చిన ‘జనరల్ థియరీ’లో, పన్నెండో అధ్యాయంలో, షేర్ మార్కెట్ గురించి చెబుతూ కీన్స్ ఇంగ్లండు పిల్లల ఆటలు మూడు తెస్తాడట. రెండు పేకాటలు, మూడోది మన మ్యూజికల్ చైర్సు. పాట ఆగినప్పుడు కొందరికి కుర్చీ దొరకదని ఆడేవాళ్ళందరికీ తెలుసు, తెలిసీ హుషారుగానే ఆడతారు అన్నది ఆయన పాయింటు. అది అతికింది. ఎందుకంటే షేర్లు కొనేవాడు ఎవరూ బలవంతపెట్టకుండా, తనకంటే ఆలస్యంగా కూర్చునేవాడు ఒకడుంటాడన్న ధీమాతో వచ్చి తిరుగుతాడు.

ఇలాంటి పోలికే 2007 జులైలో సిటీగ్రూప్ అధిపతి చార్లెస్ ప్రిన్స్ ఇంకోలా వాడుకున్నాడు. పాట మోగుతున్నంత సేపూ లేచి డాన్సు చెయ్యక తప్పదన్నట్టు మాట్లాడాడు. నవంబరుకల్లా పదవి వదిలాడు. మరుసటి ఏడాది ఆ బ్యాంకుకి అమెరికా ప్రభుత్వం 4,500 కోట్ల డాలర్లు పెట్టాల్సి వచ్చింది. ఆ సొమ్ము తర్వాత తిరిగొచ్చిందనుకో. కానీ చూడు, పాట ఆగాక కుర్చీ దొరకనివాడికి సర్కారే కుర్చీ తెచ్చి వేసింది. అప్పుల్లో ఇళ్ళు పోగొట్టుకున్న మామూలు జనానికి ఆ వేగంతో ఎవరూ తెచ్చి వెయ్యలేదు. పోలిక చెప్పినవాడు పాట తన చేతిలో లేనట్టే చెప్పాడు. అంత పెద్ద బ్యాంకు నడిపేవాడి చెయ్యి ఆ మీట మీద కొంచెమైనా ఉండదా? పెద్ద మనుషులు తమ గురించి తామే పోలికలు చెప్పినప్పుడు నువ్వు ఇంకాస్త అనుమానంగా చదవాలి.

నాకు బాగా నచ్చిన వాడుక మాత్రం మార్క్ రాంక్ అనే అమెరికా సామాజిక శాస్త్రవేత్తది. పేదరికం మీద 2004లో ఆయన రాసిన పుస్తకంలో ఉంది. పదిమంది ఆడుతున్నారు, కుర్చీలు ఎనిమిదే. ఓడిన ఇద్దరినీ చూసి వీడికి చురుకు లేదు, వాడు కుంటుతున్నాడు అని కారణాలు చెప్పొచ్చు. అవి నిజమే కావచ్చు. వాళ్ళిద్దరికీ ఎంత తర్ఫీదు ఇచ్చినా ఓడేది మాత్రం ఇద్దరే, వాళ్ళ బదులు వేరే ఇద్దరు. ఎవరు ఓడారన్నది ఒక ప్రశ్న, ఓడేవాళ్ళు అసలెందుకున్నారన్నది ఇంకో ప్రశ్న. మొదటిదానికి జవాబు చెప్పి రెండోదానికి చెప్పినట్టు ఊరుకోకూడదు.

ఈ రెండు ప్రశ్నలు మన పిల్లల ఉద్యోగాల వార్తల్లో రోజూ కలగాపులగం అవుతుంటాయి. తెలంగాణ గ్రూప్-1 సంగతే తీసుకో. 2022 ఏప్రిల్‌లో 503 పోస్టులకి నోటిఫికేషన్ ఇస్తే సుమారు 3 లక్షల 80 వేల మంది దరఖాస్తు పెట్టారు. కోచింగ్ సెంటర్ల ప్రకటనలు, విజేతల ఇంటర్వ్యూలు, ‘పట్టుదల ఉంటే సాధ్యమే’ అనే వ్యాసాలు, ఇవన్నీ మొదటి ప్రశ్నకి జవాబులు. పట్టుదల అందరికీ ఉందనుకో. పోస్టులు 504 అవుతాయా?

అక్కడ పాట సంగతి ఇంకా ఘోరం. ఆ ఏడాది అక్టోబరు 16న ప్రిలిమ్స్ జరిగింది. పేపర్లు లీకయ్యాయని తేలి 2023 మార్చిలో రద్దు చేశారు. జూన్ 11న మళ్ళీ పెట్టారు. సెప్టెంబరులో హైకోర్టు దాన్నీ రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిలో పాత నోటిఫికేషన్ తీసేసి 563 పోస్టులతో కొత్తది ఇచ్చారు, జూన్ 9న మూడోసారి ప్రిలిమ్స్. బడిలో ఒక్క రౌండు చెల్లదని మళ్ళీ ఆడిస్తేనే, అప్పటికే కూర్చున్న పిల్ల కాళ్ళు నేలకేసి కొట్టి ఏడుస్తుంది. ఇక్కడ హైదరాబాదు అశోక్‌నగర్ గదుల్లో అద్దె కట్టుకుంటూ ఒక్కొక్కరు పోగొట్టుకున్నది వయసు. మన చుట్టాల్లోనే ఒకబ్బాయి ఉన్నాడు, పేరు రాయను, నీకు తెలుసు. పెళ్ళి సంబంధం వస్తే ‘రిజల్ట్ రానీ’ అంటాడు. ఏ రిజల్టో వాళ్ళ నాన్న అడగడం మానేశారు. ఇలాంటి వార్తకి ‘నిరుద్యోగుల కుర్చీలాట’ అని పెడితే నేను పేపరు చదవడమే మానేస్తాను. ఆడుతున్నది వాళ్ళు కాదు, ఆడిస్తున్నారు.

పోలిక పైకి సరిపోయినట్టే ఉండి లోపల సరిపోని చోటు ఇంకోటి చెప్పి ఊరుకుంటాను. మీ అక్క హెచ్1బీ గురించి ఇంట్లో అందరూ కుర్చీలాట, కుర్చీలాట అన్నారు. ఏడాదికి 85 వేల వీసాలు అన్నంత వరకే అది కుర్చీలాట. అక్కడ ముందు పరిగెత్తినవాడికి దక్కదు, అప్పట్లో అంతా డ్రా తీసేవాళ్ళు. అంటే బడిలో లక్కీ డిప్పు. 2023 మార్చిలో 7 లక్షల 80 వేలకు పైగా రిజిస్ట్రేషన్లు పడ్డాయి. ఒకే మనిషి పేరు మీద నాలుగైదు కంపెనీలు చీటీలు వేయడం అందులో పెద్ద భాగం. మరుసటి ఏడాది నుంచి ఎన్ని కంపెనీలు వేసినా మనిషికి ఒక్క చీటీయే అన్నారు, సంఖ్య 4 లక్షల 80 వేల దగ్గరికి పడిపోయింది. లక్కీ డిప్పు అని రాస్తే ఈ చీటీల మోసం చదివేవాడికి చప్పున అర్థమవుతుంది. కుర్చీలాట అని రాస్తే మీ అక్క నెమ్మదిగా పరిగెత్తిందని అర్థమవుతుంది. ఆ పిల్ల నిజంగానే అలా అనుకుని కొన్నాళ్ళు బెంగపెట్టుకుంది, అందుకు చెప్తున్నాను.

నీ డెస్కులో టైము ఉండదని తెలుసు. రాత్రి పదికి పేజీ వదలాలి, హెడ్డింగు అక్షరాలు కాలమ్‌ల్లో ఇమడాలి, పైన ఇన్‌ఛార్జి ‘ఏదో ఒకటి పెట్టమ్మా’ అంటూ ఉంటాడు. అలాంటప్పుడు చేతికి మొదట తగిలేవి ఈ ఆటలే. దాగుడుమూతలు, వైకుంఠపాళి, కుర్చీలాట, చదరంగం. చదివేవాడికి పరిచయమైనవి, నోరు తిరుగుతాయి, అక్షరాలు తక్కువ. వాడుకో. వాడే ముందు ఆ ఆట ఒక్కసారి మనసులో ఆడి చూడు, అర నిమిషం పట్టదు. దాగుడుమూతలంటే వెతికేవాడు ఒకడుండాలి. వెతికేవాడే లేని వార్తకి ఆ మాట దేనికి? వైకుంఠపాళి అంటే పందెం పడ్డట్టు పోవాలి, ఎక్కినవాడి గొప్పా లేదు, పాము మింగినవాడి తప్పూ లేదు. అవినీతి కేసులో పదవి పోయినవాడికి వైకుంఠపాళి అని రాస్తే వాడి తప్పు మాఫీ చేసినట్టే.

నీ తహసీల్దార్ల వార్తకి నేనైతే ‘ఏడాదిలో నలుగురు తహసీల్దార్లు, కదలని మ్యుటేషన్లు’ అని పెట్టేదాన్ని. చప్పగా ఉందంటావు. ఉండనీ. ఆ చెట్టు కింద కూర్చున్న రైతుకి అందులో తన పని కనిపిస్తుంది.

ఇంక నాకు తెలిసిన అసలైన కుర్చీలాట ఒకటుంది, అది మా టీచర్లది. పిల్లలు తగ్గిన బడిలో పోస్టు మిగులు అని లెక్క తేలుస్తారు. దాని పేరు రేషనలైజేషన్. ఆ బడిలో జూనియరు కదలాలి, ఆ పోస్టూ అక్కణ్ణించి పోతుంది. ఓడిన పిల్ల కుర్చీ మోసుకుపోయినట్టే. మరుసటి ఏడు ఇంకో పదిమంది పిల్లలు ప్రైవేటు బస్సెక్కితే ఇంకొకరు. సీనియారిటీ పాయింట్లు, భార్యాభర్తల కోటా, కౌన్సెలింగ్ హాల్లో వరసలు, ఒకే ఖాళీ మీద ఇద్దరి కళ్ళు. స్నేహితురాళ్ళు ఆ హాల్లో మాట్లాడుకోవడం మానేసింది నేను కళ్ళారా చూశాను. వాళ్ళ మధ్య ఏ పగా లేదు. కుర్చీ ఒకటి తక్కువ, అంతే.

మీ జిల్లాలో టీచర్ల సర్దుబాటు ఉంటుందని మొన్న మీ పేపర్లోనే చదివాను. ఆ వార్త నీ చేతికే వస్తే కుర్చీలాట అని ధైర్యంగా పెట్టు, ఈసారి నేను పేచీ పెట్టను. కాకపోతే ఎన్ని పోస్టులు మిగులు అని తేల్చారో, ఏ ఉత్తర్వు మీద, ఎవరి సంతకంతో తేల్చారో ఇంట్రోలోనే రాయించు. కంట్రిబ్యూటరు పంపకపోతే ఫోన్ చేసి అడుగు. డీఈఓ ఆఫీసులో ఆ కాగితం ఉంటుంది, అడిగితే చూపిస్తారు.

ఆశీస్సులతో,
పెద్దమ్మ